పాత గోడకు సిమెంటు పూత మంచిదేనా?



ఈ రోజు పాత ఇళ్ల గోడల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. గోడల సంగతి ఆడవాళ్లకెందుకంటారా? చెమ్మ పట్టిన గోడ పక్కన బియ్యం బస్తా పెట్టుకుని బాధపడేది మనమే కదండీ!

కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు మీ పుట్టిల్లో, అత్తవారిల్లో ఉండి, అది ఇటుకా సున్నంతో కట్టిన పాత ఇల్లయితే, ఆ గోడను ఒకసారి పరీక్షగా చూడండి. ఆ సున్నం ఊరికే కలిపింది కాదు. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్లతో చల్లార్చి, ఇసుక చేర్చి, ఎడ్లు తిప్పే రాతి గానుగలో నూరేవారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలిపేవారు. అదే డంగు సున్నం. దాని గుణమేమిటంటే, గోడకెక్కిన చెమ్మను మళ్లీ ఆవిరిగా బయటికి పోనిస్తుంది. పైన సిమెంటు పూశామా, ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మ లోపలే నిలిచి, ఉప్పు పేరుకుని, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. నాలుగు వానాకాలాలు గడిచేసరికి పైపూత కూడా పెచ్చులుగా ఊడుతుంది.

ఇది మన ఒక్కరి బాధే కాదు. ఇంగ్లాండులోని పాత ఇటుక ఇళ్లూ సున్నంతో కట్టినవే. ఒక వరసలో ఇటుక నిడుపు వైపు, పై వరసలో తలవైపు కనబడేలా పేర్చడాన్ని మన మేస్త్రీలు నేటికీ ‘ఇంగ్లీషు బాండు’ అంటారు. పోర్ట్‌లాండు సిమెంటుకు 1824లో పేటెంటు ఇచ్చిందీ ఆ దేశంలోనే. పాత గోడలకు దాన్ని పూసి నష్టపోయిన వాళ్లు, ఇప్పుడు మళ్లీ సున్నంతోనే బాగుచేయించుకుంటున్నారు.

అంత దూరమెందుకు? కామారెడ్డికి దగ్గర్లోనే దోమకొండ కోట ఉంది. చుట్టూ కందకం, రాతి గోడ, లోపల అద్దాల మేడ, మహాదేవుని గుడి. ఏళ్ల తరబడి ఓపికగా బాగుచేయించారు. 2022లో దానికి యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం దక్కింది.

కోటకు చేసినంత ఖర్చు మనమెక్కడ పెట్టగలమంటారా? మొదటి పనికి ఖర్చే లేదు. పెంకు జరిగిందేమో, చూరు నీళ్లు గోడ మీద పడుతున్నాయేమో, గోడ మొదట్లో మట్టి పేరుకుందేమో చూడండి. చాలాసార్లు చెమ్మకు మూలం అక్కడే ఉంటుంది. ఆ తర్వాత సున్నం పని తెలిసిన పాత మేస్త్రీని వెతికి పట్టుకోండి. ప్లాస్టిక్ పెయింటుకు బదులు వెల్ల వేయించండి. సున్నం చల్లార్చేటప్పుడు మాత్రం పిల్లలను దగ్గరికి రానీయకండి, కంట్లో పడితే చూపుకే ముప్పు.

పంపకాలప్పుడు “పాత ఇల్లేగా, పడగొట్టేద్దాం” అనేస్తారు. దానికి తలూపే ముందు, చెడింది ఇల్లా, మధ్యలో పూసిన సిమెంటా అని మీరు అడగండి. పడగొట్టాక మళ్లీ అడగడానికేమీ ఉండదు.