గర్భసంచి తీయించుకునే ముందు

నెలసరి 8 రోజులు దాటినా, గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా ఓర్చుకుని ఊరుకోకండి. ముట్లుడిగి ఏడాది గడిచాక ఒక్క చుక్క కనిపించినా వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి. అది క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి.

గర్భసంచిలో గడ్డలు, థైరాయిడ్, హార్మోన్ల తేడా, ఇలా అధిక రక్తస్రావానికి కారణాలు చాలా ఉంటాయి. అందుకే ముందు రక్తపరీక్ష, స్కానింగ్, అవసరమైతే గర్భసంచి లోపలి పొర పరీక్ష చేయిస్తారు.

గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశంలోకెల్లా మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే ఎక్కువని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. తలుచుకుంటే బాధేస్తుంది. ఎందుకంటే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలతోనో, హార్మోన్ మందులతోనో, గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్‌తోనో చాలామందికి రక్తస్రావం తగ్గుతుంది. ఆపరేషన్ అనగానే తలూపకండి. వేరే దారి లేదా అని అడగండి, ఇంకో డాక్టరునూ అడగండి. ఈలోగా రక్తం తక్కువుంటే ఐరన్ మాత్రలు మానకండి.