బొడ్డుతాడు స్కానింగ్: ఎవరికి, ఎందుకు?

(కోనసీమ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్కానింగ్ మెషిన్ అనగానే మనకు లింగ నిర్ధారణ గుర్తొస్తుంది. ఆ దుర్వినియోగం మీద స్త్రీల సంఘాలు పోరాడాకే 1994 చట్టం వచ్చింది. ఆ పోరాటం ఇంకా ముగియలేదు. అయితే గర్భంతో ఉండగా షుగరు వచ్చిన స్త్రీకి ‘డాప్లర్ చేయించు’ అని చీటీ రాస్తే, ఆమె తరఫున మనం ఏం అడగాలి? ఈరోజు దీని గురించి మాట్లాడుకుందాం.

బొడ్డుతాడులోని రెండు ధమనులు బిడ్డ నుంచి మాయకు రక్తాన్ని తీసుకెళ్తాయి. మాయ దెబ్బతింటే ఆ ప్రవాహానికి అడ్డు పెరుగుతుంది. గుండె ఒకసారి కొట్టుకుని మళ్లీ కొట్టుకునేలోపు ప్రవాహం తగ్గుతుంది, ఆగుతుంది, ఒక్కోసారి వెనక్కి మళ్లుతుంది. డాప్లర్ దీన్నే చూపిస్తుంది. బిడ్డ సరిగా ఎదగనప్పుడు, తల్లికి బి.పి. పెరిగినప్పుడు ఈ పరీక్ష ప్రాణాలు కాపాడుతుంది.

షుగరు సంగతి వేరు. తల్లి రక్తంలోని చక్కెర మాయ దాటి బిడ్డకు చేరుతుంది. బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా తయారై, బిడ్డ అతిగా పెరుగుతుంది. అప్పుడు బొడ్డుతాడు ప్రవాహం మామూలుగా కనిపిస్తున్నా బిడ్డకు ప్రమాదం ఉండొచ్చు. అందుకే బ్రిటన్ జాతీయ మార్గదర్శకాలు, ఎదుగుదల లోపం భయం లేకపోతే, షుగరున్న గర్భిణులందరికీ 38 వారాల లోపు డాప్లర్ అక్కర్లేదంటాయి. 28 నుంచి 36 వారాల దాకా నాలుగు వారాలకోసారి బిడ్డ ఎదుగుదల, ఉమ్మనీరు చూడమంటాయి.

ఒక లంక గ్రామం స్త్రీని తలచుకోండి. కూలి పోగొట్టుకుని, రేవు దాటి, ఆటో ఎక్కి అమలాపురం వస్తుంది. ‘రిపోర్టు నార్మల్’ అంటారు. ఆ ధైర్యంతో, నాలుగు రోజుల తర్వాత కదలికలు తగ్గినా ఇంట్లోనే ఉండిపోతే? ఏ రిపోర్టు ఉన్నా, కదలిక తగ్గితే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలని ఆమెకు చెప్పినవాళ్లెవరు?

అసలు మొదటి హక్కు షుగరు పరీక్ష. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటలకు రక్తం చూడాలి. 140 గానీ ఆపైన గానీ ఉంటే షుగరు ఉన్నట్టే. పరగడుపున రానక్కర్లేదు. మొదటిసారి వచ్చినప్పుడు ఒకసారి, 24-28 వారాల మధ్య మరోసారి చేయాలి. దీనికి పెద్ద మెషిన్ అక్కర్లేదు.

తర్వాతిది తిండి. ‘అన్నం తగ్గించమ్మా’ అనడం తేలిక. అందరూ తిన్నాక మిగిలింది తినే కోడలికి పప్పు, గుడ్డు, కూర ఎవరు పెడతారు? ఇది వైద్యం ప్రశ్నే, ఇంట్లో అధికారం ప్రశ్న కూడా.

రాజోలు, కొత్తపేట, అమలాపురం, ఎక్కడైనా సరే, మనం అడగాల్సినవి ఇవి: షుగరు పరీక్ష రెండుసార్లూ చేశారా? ఇన్సులిన్ అందుతోందా? ఈ స్కానింగ్ ఎందుకో ఆమెకు తెలుగులో చెప్పారా? నిజంగా అవసరమైన స్త్రీకి డాప్లర్ ప్రభుత్వాసుపత్రిలో దొరుకుతోందా? 2011 నాటి జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణికి పరీక్షలు, రవాణా ఉచితమంది. ఆ మాటను అమలు చేయించుకోవడం మన పని.