తప్పును చెప్పనిచ్చు సంస్కృతి

 

నేడు పట్టములను గైకొనుచున్న స్నాతకులారా, మీలో అనేకులు త్వరలోనే ఏదో యొక కార్యాలయమునందో, కర్మాగారమునందో, ఆసుపత్రియందో, బ్యాంకునందో అడుగిడనున్నారు. అచ్చట మీకు మొట్టమొదట చూపబడునది ఒక పటము. దరఖాస్తు ఎచ్చట పుట్టి, ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయి, ఎచ్చట పరిశీలింపబడి, ఎవరి ఆమోదముతో వినియోగదారుని చేరునో గడులతోను బాణములతోను నిరూపించు పటమది. దానిని రచించుటయు, అందలి నడకను కొలుచుటయు, కొలిచి దిద్దుటయు వ్యాపార ప్రక్రియా నిర్వహణమను శాస్త్రమునకు పని. 1911లో ఫ్రెడరిక్ టేలర్ పనిని కొలిచి విభజించు విద్యను గ్రంథస్థము చేసిన నాటినుండి, 1993లో మైకేల్ హ్యామర్, జేమ్స్ చాంపీలు ప్రక్రియలను మొదలంటఁ బునర్నిర్మింపవలెనని ఉద్ఘోషించిన నాటివరకును ఆ శాస్త్రము మిక్కిలి పెరిగినది. దానిని నేను మనసార గౌరవింతును. అయినను ఆ పటములో ఒక గుర్తు ఎన్నఁడును కానరాదు: ఒక గడియందు కూర్చున్న మనుష్యునకు పనిలో దోషము కనబడినపుడు అతఁడు నోరు విప్పునా, తల వంచుకొని ముందునకు నెట్టునా అను దానిని తెలుపు గుర్తు. దానిని నిర్ణయించునది ఆ సంస్థయొక్క సంస్కృతియే. ఈ విషయమును ఒక్క దృష్టాంతముతో మీ యెదుట నిలుపఁ దలచితిని.

అమెరికాదేశమున కాలిఫోర్నియా రాష్ట్రమందలి ఫ్రీమాంట్ నగరమున జనరల్ మోటార్స్ సంస్థకు ఒక కార్ల కర్మాగారముండెను. కార్మికులకును యాజమాన్యమునకును నడుమ వైరము, పరిష్కారములేక పేరుకొనిన ఫిర్యాదులు, పనివేళలలోనే మద్యపానము, అయిదింట ఒకవంతు జనము పనికి రాని దినములు, వీనితో అపకీర్తి పాలై ఆ కర్మాగారము 1982లో మూతపడెను. ఆ పాత పద్ధతిలో అన్నిటికంటె పవిత్రమైన నియమము, తయారీ వరుసను ఎట్టి పరిస్థితియందును ఆపరాదనుట. కారు తప్పుగా కూర్చబడినను సరే, వరుస కదలవలసినదే. తప్పును వెనుక నెవరో దిద్దుకొందురు. తప్పును కనుగొనినవాఁడు దానిని చెప్పుటకు దారి లేదు. చెప్పినను వినువారు లేరు.

1984లో అదే స్థలమున, జపానుదేశపు టొయోటా సంస్థ జనరల్ మోటార్సుతో కలసి నమ్మీయను ఉమ్మడి సంస్థను నడుపఁ బూనెను. దానిలో చేర్చుకొనబడిన కార్మికులలో దాదాపు 85 శాతము ఆ పాత కర్మాగారమువారే, కార్మికసంఘమును పాతదే. వారిలో వందలమందిని జపానుకు, టకఓకా కర్మాగారమునకు పంపి, అచ్చటి పనివారి ప్రక్కన నిలిపి పని నేర్పిరి. పదులకొలఁదిగానున్న ఉద్యోగవర్గములను వ్రేళ్లమీఁద లెక్కింపఁదగిన కొన్నింటికి తగ్గించిరి. అధికారులును కార్మికులును ఒక్క భోజనశాలయందే భుజించిరి. ఇన్నిటికంటె ముఖ్యముగా, ప్రతి కార్మికుని తలపై అందుబాటులో ఒక త్రాడును వ్రేలాడఁదీసిరి. దోషము కనబడగానే ఆ త్రాడు లాగవచ్చును. దీపము వెలుగును, సంగీతము మ్రోగును. జట్టునాయకుఁడు పరుగున వచ్చి ఏమి సాయము కావలెనని అడుగును. నిర్ణీతస్థానమునకు కారు చేరులోపల చిక్కు విడనిచో వరుస అంతయు నిలిచిపోవును. రెండేండ్లలోపలనే ఆ కర్మాగారము గుణమునందు జపానులోని మాతృకర్మాగారమునకు సాటి రాదొడఁగెను. పనికి రానివారి సంఖ్య పూర్వముకంటె ఎంతయో తగ్గెను. మనుష్యులు మారలేదు, మనుష్యుఁడు తప్పును చెప్పినపుడు అతనికి జరుగునది మారినది.

ఆ త్రాటికి మూలము కార్లకంటె పూర్వపుది. టొయోటా సంస్థను నెలకొల్పిన వంశమునకు చెందిన సకీచి టొయోడా 1924లో నిర్మించిన స్వయంచాలక మగ్గము, ఒక్క పడుగుపోగు తెగినను తనంతట తానే నిలిచిపోవునది. పోచంపల్లి, మంగళగిరి నేతగాండ్ర నెరిగిన మనకు దీని విలువను వేరుగా వివరింపనక్కరలేదు: తెగిన పోగును చూడక నేసిన ప్రతి మూరయు వ్యర్థమైన మూరయే. తప్పుతో ముందునకు సాగుటకంటె నిలిచి దిద్దుకొనుటయే మేలను విశ్వాసము ఆ మగ్గమున పుట్టి, ఆ వంశమువారి కార్ల కర్మాగారములయందు నియమముగ నిలిచినది.

అయితే త్రాటిని కట్టినంతమాత్రమున ఆ విశ్వాసము వచ్చునా? జనరల్ మోటార్స్ లాస్ ఏంజిలీసు నగరమందలి వాన్ నైస్ కర్మాగారమున ఇదే పద్ధతిని ప్రవేశపెట్టఁ జూచినది గాని అది ఫలింపలేదు. జట్లను ఏర్పరచిరి, పాఠములు చెప్పిరి. కాని వరుస ఆగుటను అధికారులు నేరముగానే చూచిరి, కార్మికులు యాజమాన్యపు మాటను కపటముగానే తలచిరి. నమ్మీలో త్రాటి వెనుక ఒక వాగ్దానముండెను: సంస్థకు కష్టము వచ్చినపుడు మొదట కార్మికుని తొలగింపరాదని. 1988లో గిరాకీ తగ్గి కర్మాగారపు వేగము మందగించినపుడు, పనివారిని ఇంటికి పంపక, శిక్షణమునందును పద్ధతుల సంస్కరణమునందును వినియోగించి ఆ మాటను నిలుపుకొనిరి. నిలుపుకొనిన మాటవలన నమ్మకము కలుగును. నమ్మకము కలిగినచోటనే చేయి త్రాటిని లాగును. సంస్థల సంస్కృతిని జీవితాంతము పరిశోధించిన ఎడ్గార్ షైన్, పైకి కనబడు చిహ్నములకును ప్రకటిత ఆశయములకును అడుగున ఎవరును పలుకని మూలవిశ్వాసములుండునని బోధించెను. ఒక సంస్థనుండి వేరొక సంస్థ చిహ్నములను ఒక్కదినమున తెచ్చుకొనవచ్చును. విశ్వాసములను మాత్రము ఆచరణముచేత తానే పెంచుకొనవలెను.

సంస్కృతి సర్వరోగనివారిణియని నేననను. జనరల్ మోటార్స్ దివాలా తీసి వైదొలఁగగా, 2010లో నమ్మీయు మూతపడినది. ఆ సంవత్సరమే, లక్షలకొలఁది కార్లను వెనుకకు పిలువవలసి వచ్చిన టొయోటా అధ్యక్షుఁడు అకియో టొయోడా అమెరికా శాసనసభ్యుల యెదుట నిలిచి, మనుష్యులను తీర్చిదిద్దు వేగముకంటె తమ సంస్థ పెరుగు వేగము మించిపోయినదని అంగీకరించెను. తరతరములుగా సంపాదించిన సంస్కృతియైనను నిత్యము పోషింపనిచో క్షీణించునని దీనివలన తెలియుచున్నది.

ఈ కథ మనకు దూరదేశపుది కాదు. మాదాపూరులోను, గచ్చిబౌలిలోను మన యువతీయువకులు ఖండాంతరములందలి బ్యాంకులకును, బీమాసంస్థలకును చెందిన ప్రక్రియలను రాత్రింబవళ్లు నడుపుచున్నారు. అట్టిచోట దోషము నెరిగియు పైవారికి పంపు నివేదికలో అంతయు సవ్యమని వ్రాయించునది తెలివితక్కువతనము కాదు, భయము. పెద్దల మాటకు ఎదురాడరాదను మన ఇంటి శిక్షణమే దీనికి కారణమని కొందరు నిందింతురు. నేనందులకు సమ్మతింపను. జపానువారు పెద్దలయెడ మనకంటె తక్కువ వినయము గలవారా? వారు వినయమును విడువలేదు. తప్పును తెలుపుటనే వినయములో ఒక భాగముగ చేసిరి. దోషమును దాచుట పెద్దకు చేయు అపచారమనియు, చూపుట అతనికి చేయు సేవయనియు పెద్దయే నేర్పినచో, మన గౌరవమర్యాదలును ప్రక్రియకు ఆటంకము కాక బలమగును. భారము చిన్నవానిపైకంటె పెద్దవానిపై నెక్కువ.

స్నాతకులారా, మీరు నేడు చిన్నవారు. కొలఁది యేండ్లలో మీ క్రింద పదిమంది పనిచేయుదురు. ఒకనాఁడు వారిలో వయసున, పదవిలో అందరికంటె చిన్నవాఁడు మీకడకు వచ్చి, గడువు దగ్గరపడిన వేళ, మీరే ఆమోదించిన పనిలో తప్పున్నదని చెప్పును. అప్పుడు మీ నోట వచ్చు మొదటి మాటను తక్కినవారందరును విందురు. ఆ సంస్థలో ఇకముందు నిజము చెప్పవచ్చునో లేదో ఆ మాటనుబట్టియే వారు నిశ్చయించుకొందురు. గోడపై వ్రాసిన ఆశయములకు లేని శక్తి ఆ ఒక్క మాటకు కలదు. అతనికి కృతజ్ఞత తెలిపి, పనిని నిలిపి, అతనితో కలసి తప్పును దిద్దుఁడు. పటములను రచించు విద్యను ఈ విశ్వవిద్యాలయము మీకు నేర్పినది. ఆ పటములందు మనుష్యుఁడు నిర్భయముగ నిలువఁగల చోటును మీరు కల్పింపుఁడు. మీ విద్య సఫలమగుఁగాక, మీచేత మీ సహచరులకు మేలు కలుగుఁగాక.