వడ్డీ లేని పెట్టుబడి - కాగితం చెప్పే మాట
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను రిజిస్ట్రేషన్ శాఖలో గుమాస్తాగా చేరి, దస్తావేజుల మధ్యనే రిటైరైనవాణ్ణి. వకీలును కాను, మత పండితుణ్ణీ కాను. అయినా ఈ విషయం మాట్లాడమని కార్యవర్గం కోరడానికి కారణం ఉంది. మన ముస్లిం సభ్యులలో కొందరు గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము చేతికి రాగానే చిక్కులో పడుతున్నారు. బ్యాంకులో వేస్తే వడ్డీ వస్తుంది. వడ్డీ వారి ధర్మానికి ఒప్పదు. "హలాల్ లాభం ఇస్తాం" అంటూ బయట ఎవరో ఒక కాగితం చేతికిస్తారు. దాని మీద సంతకం పెట్టాలా, వద్దా?

ముందు సూత్రం చెప్పుకుందాం. ఇచ్చిన అప్పు మీద ముందే నిర్ణయించి తీసుకునే అదనపు సొమ్మును 'రిబా' అంటారు. అది నిషిద్ధం. వ్యాపారంలో వచ్చే లాభం నిషిద్ధం కాదు. అందుకే కొన్ని పద్ధతులు ఏర్పడ్డాయి. ముదారబాలో సొమ్ము ఒకరిది, శ్రమ ఇంకొకరిది. లాభం ఒప్పుకున్న వంతున పంచుకుంటారు. ముషారకాలో అందరూ పెట్టుబడి పెడతారు. మురాబహాలో సంస్థ తానే వస్తువు కొని, తన లాభమెంతో చెప్పి, వాయిదాల మీద మనకు అమ్ముతుంది. ఇజారా అంటే కౌలు లేదా అద్దె. నిజాం కాలపు రెవెన్యూ కాగితాలు చూసినవారికి ఆ మాట కొత్తది కాదు.

ఇక చట్టం. మన దేశంలో బ్యాంకులు 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టం కింద నడుస్తాయి. వడ్డీ లేని బ్యాంకింగ్‌కు వీలు కల్పించాలని 2008లో రఘురామ్ రాజన్ కమిటీ సూచించింది. ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని నిర్ణయించినట్లు రిజర్వు బ్యాంకు 2017లో తెలిపింది. కనుక మన ఊళ్లో ఎవరైనా "ఇస్లామిక్ బ్యాంకు" అని బోర్డు పెడితే, అది ఏ చట్టం కింద రిజిస్టరయిందో అడగడం మన మొదటి పని.

మా శాఖకు సంబంధించిన మాట ఒకటి మనవి చేస్తాను. మురాబహా పద్ధతిలో ఇల్లు కొంటే సంస్థ పేర ఒక క్రయ దస్తావేజు, మళ్లీ మన పేర ఇంకొకటి కావాలి. అంటే స్టాంపు డ్యూటీ రెండుసార్లు. బ్రిటన్‌లో ఈ రెండింతల భారాన్ని 2003లో చట్టం చేసి తొలగించారు. అలాగే ఏడాది మించిన ఇజారాకు 1908 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పదు. ఈ ఖర్చులు ముందుగా లెక్క కట్టుకోవాలి.

కోర్టు దేన్ని చూస్తుందో తెలియడానికి ఒక కేసు చెబుతాను. బహ్రెయిన్‌కు చెందిన షామిల్ బ్యాంకు, బంగ్లాదేశ్‌కు చెందిన బెక్సిమ్కో కంపెనీతో మురాబహా ఒప్పందాలు చేసుకుంది. షరియత్ సూత్రాలకు లోబడి ఇంగ్లండు చట్టం వర్తిస్తుందని అందులో రాసుకున్నారు. బాకీ కట్టవలసి వచ్చేసరికి, ఇవి ముసుగు వేసిన వడ్డీ అప్పులేనని, షరియత్ ప్రకారం చెల్లవని కంపెనీ వాదించింది. 2004లో లండన్ అప్పీలు కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. ఒప్పందానికి ఒక దేశపు చట్టమే వర్తిస్తుందని, బాకీ కట్టవలసిందేనని తీర్పు చెప్పింది.

మనకు అసలు ప్రమాదం 'భాగస్వామి' అనే మాటలో ఉంది. డిపాజిటుదారు అప్పిచ్చినవాడు. భాగస్వామి నష్టంలోనూ వాటాదారు. 1932 చట్టం ప్రకారం మామూలు ఫర్మ్ చేసిన అప్పులకు భాగస్వామి సొంత ఆస్తి కూడా పూచీ పడుతుంది. ఫర్మ్ రిజిస్టరు కాకపోతే, దాని రద్దు కోసం, లెక్కల కోసం తప్ప ఒప్పందపు హక్కు కోసం దావా వేయలేడు. క్రమబద్ధం కాని డిపాజిట్లను నిషేధిస్తూ 2019లో చట్టం వచ్చింది నిజమే. కాని అందులోని డిపాజిట్ నిర్వచనంలోంచి భాగస్వాముల మూలధనాన్ని మినహాయించారు. అదే 2019 జూన్‌లో బెంగళూరులో ఐ.ఎం.ఏ. సంస్థ కూలిపోయింది. హలాల్ పేరు నమ్మినవారిని అక్కడ ఎల్.ఎల్.పి. భాగస్వాములుగా చేర్చుకున్నారు. వేల కుటుంబాలు వీధిన పడ్డాయి.

కాబట్టి సంతకానికి ముందు నాలుగు ప్రశ్నలు వేయండి.

1. నేను డిపాజిటుదారునా, భాగస్వామినా, కొనుగోలుదారునా?
2. సంస్థ రిజిస్ట్రేషన్ ఏది? డిపాజిట్లు తీసుకునే అనుమతి ఏది? రిజర్వు బ్యాంకువారి సచేత్ వెబ్‌సైటులో మీ మనవలచేత చూపించుకోండి.
3. ఏ వ్యాపారం? లెక్కలు ఎవరు ఆడిట్ చేస్తారు?
4. సొమ్ము వెనక్కు కావాలంటే ఎలా, ఎన్నాళ్లకు?

నెలనెలా ఇంత అని ఖాయంగా ఇస్తామంటే రెండింతలు జాగ్రత్త పడండి. లాభనష్టాల వ్యాపారంలో ఖాయమైన రాబడి ధర్మశాస్త్రానికీ కుదరదు, లెక్కల పుస్తకానికీ కుదరదు.

ధర్మసమ్మతమా అన్నది ముఫ్తీగారిని అడగండి. కోర్టులో నిలుస్తుందా అన్నది వకీలుగారిని అడగండి. ఒకరి జవాబు రెండోదానికి సరిపోదు. వకీలు ఫీజుకు వెనకాడవద్దు. జీవితకాలపు కష్టార్జితం ముందు అదెంత? ఫ్యామిలీ పెన్షన్‌పై బతికే సోదరీమణులకు మరో మాట. 1987 చట్టం ప్రకారం మహిళలకు, ఆదాయంతో నిమిత్తం లేకుండా, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. సంతకం పెట్టాక కాదు, పెట్టకముందే వెళ్లండి.