గడ్డి ముందు, గొర్రె తర్వాత
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైరైన తర్వాత నిడమనూరులోని మా పొలంలో నేను గొర్రెలు పెంచుతున్న సంగతి మీలో చాలామందికి తెలుసు. ఆ అనుభవం నాలుగు మాటల్లో చెప్పమని కార్యదర్శి గారు కోరారు. గ్రాట్యుటీ చేతికి రాగానే “మనం కూడా ఒక మంద పెడదామా?” అని అడిగే మిత్రులు ఏటేటా పెరుగుతున్నారు. ఆ డబ్బు ముప్పై ఏళ్ళ చాకిరీ. మళ్ళీ రాదు. కనుక లాభం మాట అటుంచి, అది ఏయే దారుల్లో పోతుందో ముందుగా మనవి చేస్తాను.

అమెరికా, ఆస్ట్రేలియా దేశాల్లో సొంత భూమిలో పదో ఇరవయ్యో మాంసపు పశువులను పెంచుకునే కుటుంబాలున్నాయి. పిల్లల దగ్గరికి వెళ్ళిన మనవాళ్ళు కొందరు చూసే ఉంటారు. మన పల్లెల్లో ఆ స్థానం గొర్రెది. అయితే వాళ్ళకు పచ్చిక బయళ్ళున్నాయి, మనకు లేవు. సాగర్ ఎడమ కాల్వ రాక మునుపు మా వైపు చెలకలు, బీళ్ళు ఉండేవి. 1967లో సాగర్ కాల్వలకు నీళ్ళు వదిలారు. క్రమంగా బీళ్ళు మడులయ్యాయి. వడ్లు పండాయి, మిర్యాలగూడలో మిల్లులు లేచాయి, గొర్రె మేసే చోటు మాత్రం కరిగిపోయింది.

అందుచేత నేను చెప్పే మొదటి మాట, చివరి మాట కూడా ఒక్కటే. గడ్డి ముందు, గొర్రె తర్వాత. 30 కిలోల గొర్రెకు రోజుకు సుమారు 3 కిలోల పచ్చిమేత కావాలి. 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఉంటే 60 కిలోలు దాటుతుంది. వానాకాలంలో ఎవరైనా మేపగలరు. ఏప్రిల్, మే నెలల్లో ఈ 60 కిలోలు ఎక్కడి నుంచి వస్తాయో కాగితం మీద రాసుకున్న తర్వాతే అంగడికి వెళ్ళాలి. మేము ముందు అరెకరంలో నేపియర్ గడ్డి వేసి, గట్ల మీద అవిశ, సుబాబుల్ నాటి, మేత కోతకు వచ్చాకనే జీవాలను తెచ్చాం. వేరుశనగ కట్టె, కంది పొట్టు దొరికిన కాలంలో కొని దాచుతాం. వరిగడ్డి కడుపు నింపుతుంది గాని కండ పట్టనివ్వదు. మిల్లు తౌడు, కాస్త చెక్క తోడైతేనే పిల్ల తూకానికి వస్తుంది.

20 గొర్రెలకు ఒక పొట్టేలు అన్నది పాత లెక్కే. 2017లో మన రాష్ట్రంలో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో కూడా ఒక యూనిట్ అంటే 20 గొర్రెలు, ఒక పొట్టేలే. జాతి విషయానికొస్తే, మాంసానికి నెల్లూరు జాతి మంచిది, మనిషి నడుము దాకా ఎత్తు పెరుగుతుంది. దక్కని గొర్రె ఎత్తు తక్కువ, కాని గట్టి జీవం. మన గొంగళ్ళకు ఉన్ని ఇచ్చింది అదే. ఏ జాతైనా పొట్టేలును రెండేళ్ళకొకసారి మార్చాలి. లేకుంటే తన పిల్లలతోనే జత కట్టి సంతతి చిక్కిపోతుంది.

ఇక జబ్బులు. నేనెరిగిన ఒక మిత్రుడు ఒకేసారి వంద జీవాలు కొన్నారు. నాలుగు చోట్ల కొన్నవాటిని వచ్చిన రోజే ఒకే కొట్టంలో కలిపారు. పి.పి.ఆర్. వ్యాధి సోకింది. నెల తిరక్కుండా సగం మంద పోయింది. ఈ జబ్బు మన దేశంలో మొదట 1987లో తమిళనాడులో బయటపడింది. పశువుల పాలిట మృత్యువైన రిండర్‌పెస్టుకు ఇది చుట్టమే. ఆ రిండర్‌పెస్టు టీకాల బలంతో 2011 నాటికి ప్రపంచంలోనే లేకుండా పోయింది. దీనికీ మంచి టీకా ఉంది. కొత్త జీవాన్ని మూడు వారాలు వేరుగా కట్టి, టీకా వేయించి, ఆ తర్వాతే మందలో కలపాలి. చిటుక రోగానికి తొలకరికి ముందే టీకా పడాలి. కొత్త పచ్చిక ఆబగా మేసిన బలిసిన పిల్లే ముందు పడిపోతుంది.

కాల్వ కింది ఊళ్ళకు ప్రత్యేకమైన శత్రువు ఇంకొకటుంది. అదే కార్జపు జలగ. నత్తల్లో పెరిగి, నీటి అంచు గడ్డిని పట్టుకొని ఉంటుంది. కాల్వ గట్టు ఎంత పచ్చగా కనిపిస్తే అంత అనుమానించాలి. గొర్రె దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడితే, కనురెప్ప లోపల తెల్లగా పాలిపోతే, వెంటనే పశువుల డాక్టరు గారికి చూపించాలి. మేము మందను మడి గట్లకు, కాల్వ అంచులకు పోనివ్వం. తొట్టి నీళ్ళే తాగిస్తాం. వానలకు ముందు, వానల తర్వాత తప్పకుండా మందు పోయిస్తాం.

మన వయసులో మంద వెంట నడవలేం. మా మంద కాపరితో సగం పాలు ఒప్పందం. పుట్టిన పిల్లల్లో సగం ఆయనవి. ఆయన మందవైపు ఒక్కసారి చూసి, ఏది నెమరు వేయడం లేదో చెప్పేస్తాడు. ఆ చూపు మన సర్వీసు పుస్తకంలో లేదు. ఆయనను జీతగాడిగా గాక భాగస్వామిగా చూస్తేనే మంద నిలుస్తుంది. సాయంత్రం లెక్క మాత్రం మా ఇంటావిడదే. ఏ గొర్రె ఎప్పుడు ఈనిందో ఆమెకు నోటికి వచ్చు.

లెక్క కూడా వినండి. చూలు అయిదు నెలలు. ఏడాదికొక ఈత అనుకోవడం క్షేమం. మేత బాగుంటే రెండేళ్ళకు మూడు. మాకు మొదటి ఏడాది 17 పిల్లలు పుట్టి, 3 పోయాయి. మిగిలిన 14లో సగం కాపరికి ఇచ్చి, మాకు వచ్చిన ఏడింటిలో రెండు ఆడపిల్లలను మందలో ఉంచి, అయిదు అమ్మాం. అంతే. ఆ డబ్బుతో మేడలు కట్టలేం. మందుల ఖర్చులు గడిచాయి, మనుమరాలి కాలేజీ ఫీజులో కొంత కట్టాం. పెంట ఎరువు మా పొలానికే సరిపోయింది, యూరియా తగ్గింది.

కాబట్టి మిత్రులారా, చేతికొచ్చిన సొమ్ములో నాలుగో వంతుకు మించి దీనిలో పెట్టకండి. జీవాలకు చెవిపోగు వేయించి బీమా కట్టండి. పది గొర్రెలతో మొదలుపెట్టి, వాటి పిల్లలతోనే మందను పెరగనివ్వండి. పెన్షన్ మనల్ని పోషించాలి, గొర్రె తన్ను తాను పోషించుకోవాలి. మన పెన్షన్‌తో గొర్రెను పోషించే రోజు వస్తే మంద తగ్గించుకోవడమే మర్యాద.