ఇంజను లేని బండి – మన ఉస్తాదుల రేపటి బతుకు

(రాజన్న సిరిసిల్ల జిల్లా చందుర్తిలో ఆటో డ్రైవర్లు, మెకానిక్‌లు, వారి కుటుంబాలు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

   

వేములవాడ నుంచి చందుర్తికి వచ్చే దారిలో ఒక మెకానిక్ షాపు దగ్గర ఆగాను. ఆ షాపు ఉస్తాద్ పదేళ్ల వయసులో పానాలు అందించే పిల్లవాడుగా ఆ పనిలోకి వచ్చాడు. బండి చప్పుడు విని జబ్బు ఎక్కడుందో చెప్పగలడు. నేను ఏ విషయం మీద మాట్లాడబోతున్నానో విని ఆయన నవ్వి, “భాయ్ సాబ్! చప్పుడే లేని బండి వస్తోంది. నేను దేన్ని వినాలి?” అని అడిగాడు. ఈ రోజు నా ప్రసంగమంతా ఆ ప్రశ్నకు జవాబు వెతికే ప్రయత్నమే.

ఆ ప్రశ్న ఒక్క మనిషిది మాత్రమే అనుకోవద్దు. 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక ముస్లింలలో స్వయం ఉపాధి మీద బతికేవారి పాలు ఎక్కువని తేల్చింది. రోడ్డు రవాణా, మోటారు వాహనాల మరమ్మతు వంటి రంగాలలో మనవారు గణనీయంగా ఉన్నారని చెప్పింది. బ్యాంకు అప్పు మనకు అందడం తక్కువని కూడా అదే నివేదిక చెప్పింది. ఈ రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూడండి. మనం ఎక్కువగా ఉన్న వృత్తిలోకే పెద్ద మార్పు వస్తోంది. ఆ మార్పుకు కావలసిన పెట్టుబడి మాత్రం మన చేతికి అందే చోట లేదు.

సిరిసిల్ల నేర్పిన పాఠం

యంత్రం మారితే ఏమవుతుందో ఈ ప్రాంతానికి ఎవరూ చెప్పనక్కర లేదు. సిరిసిల్లలో చేతిమగ్గం పోయి మరమగ్గం వచ్చింది. మరమగ్గం చెడ్డది కాదు, ఉత్పత్తి పెరిగింది. అయితే నూలు కొనగల స్తోమత ఉన్నవాడు యజమాని అయ్యాడు. నాలుగు మగ్గాలు పెట్టుకోగలిగినవాడు ఆసామి అయ్యాడు. చేతిలో నైపుణ్యం తప్ప మరేమీ లేనివాడు కూలి కార్మికుడుగా మిగిలాడు. తరువాతి కాలంలో అప్పులతో, ఆకలితో ఎన్ని ఇళ్లలో ప్రాణాలు పోయాయో మీకు తెలుసు. యంత్రాన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. అది వచ్చినప్పుడు బలహీనుని పక్షాన అడగవలసినవి అడిగేవారు లేకపోవడమే అసలు నష్టం. విద్యుత్ వాహనాల విషయంలో ఆ తప్పు మళ్లీ జరగకూడదు.

రాయితీ ఎవరికి చేరుతోంది?

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషన్ రుసుమును పూర్తిగా మినహాయించింది. 2026 డిసెంబరు 31 దాకా ఇది గడువు. ద్విచక్ర వాహనాలు, కార్లు, ఆటోలు, చిన్న సరుకు బండ్లు, ట్రాక్టర్లు, బస్సులు అన్నీ ఇందులో ఉన్నాయి. ఇది మంచి నిర్ణయమే. అయితే లెక్క వేసి చూద్దాం. ఇరవై లక్షల కారు కొనేవానికి మిగిలే పన్ను మూడు లక్షలు దాటుతుంది. లక్ష రూపాయల స్కూటరు కొనేవానికి మిగిలేది వేలలోనే. ఆటోకు మునుపటి నుంచీ పన్ను భారం పెద్దగా లేదు కనుక ఆటో డ్రైవర్‌కు దీని వల్ల కలిసివచ్చేది స్వల్పం. ఖజానా వదులుకున్న సొమ్ములో ఎక్కువ పాలు ఎవరి జేబులోకి వెళుతున్నదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

కేంద్ర సహాయం సంగతి కూడా చూడండి. ద్విచక్ర వాహనానికి బ్యాటరీ సామర్థ్యంలో ప్రతి కిలోవాట్ అవర్‌కు 2021లో 15,000 రూపాయలు ఇచ్చారు. 2023 జూన్‌లో దానిని 10,000కు తగ్గించారు. 2024లో 5,000 అయింది. ఇప్పుడున్న పీఎం ఈ-డ్రైవ్ పథకంలో రెండవ ఏడాదికి అది 2,500కు దిగింది. చేతిలో డబ్బున్నవారు ముందే కొన్నారు, పెద్ద రాయితీ పొందారు. మనవాళ్లు ధైర్యం చేసి షోరూం మెట్లెక్కే వేళకు రాయితీ కరిగిపోయింది.

ఆటో డ్రైవర్ లెక్క

మన ఆటో డ్రైవర్లకు ఇది మొదటి దెబ్బ కాదు. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలై ఆడవారికి ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. మన ఇంటి ఆడవారు కూడా దానిని వాడుకుంటున్నారు, సంతోషమే. కాని అదే ఇంట్లో ఆటో నడిపే మనిషి ఆదాయం పడిపోయింది. అలాంటివానికి “కరెంటు ఆటో కొను, డీజిలు ఖర్చు మిగులుతుంది” అని సలహా ఇస్తున్నారు.

ఖర్చు మిగిలేది నిజమే. కాని ఆ మిగులు కాగితం మీద కనిపించినంత ఉండదు. రోజుకు ఎనభై కిలోమీటర్లు తిరిగే ఆటోకు సుమారు ఎనిమిది యూనిట్లు కావాలనుకుందాం. నెలకు పాతిక రోజులు నడిపితే రెండు వందల యూనిట్లు. గృహజ్యోతి పథకం కింద పేద కుటుంబానికి ఉచితంగా వచ్చేది రెండు వందల యూనిట్ల దాకానే. అంటే ఇంటి మీటరుకే ఆటో తగిలిస్తే, ఫ్యాను, బల్బు, ఫ్రిజ్ కలిసి ఆ హద్దు దాటిపోతుంది. సున్నా బిల్లు వచ్చే ఇంటికి పూర్తి బిల్లు వస్తుంది, పైగా ఎక్కువ ధర స్లాబులో. ఈ సంగతి షోరూములో ఎవరూ చెప్పరు. విద్యుత్ నియంత్రణ మండలి వాహనాల చార్జింగ్‌కు ప్రత్యేక కేటగిరీని ఏర్పరచింది. బడుగు ఆటో డ్రైవర్‌కు కూడా ఆ కేటగిరీలో తక్కువ ఖర్చుతో విడి మీటరు కావాలి. ఇది మన మొదటి డిమాండు.

రెండవది అప్పు. పాత బండికి తిరిగి అమ్మితే ఎంత వస్తుందో ఫైనాన్సు వారికి తెలుసు. కరెంటు బండి బ్యాటరీ అయిదేళ్ల తరువాత ఎలా ఉంటుందోనన్న సంశయంతో వారు వడ్డీ ఎక్కువ అడుగుతారు. బ్యాటరీ మార్చవలసి వస్తే బండి ధరలో మూడో వంతు దాకా కావచ్చు. వడ్డీ హరామ్ అని నమ్మే కుటుంబం ఇక్కడ రెండు బాధల మధ్య నలుగుతోంది. కిస్తీలో కొంటే మనసు ఒప్పదు, కొనకపోతే బతుకు గడవదు. పట్టణాలలో కొన్ని మస్జిద్ కమిటీలు, వడ్డీ లేని రుణ సంఘాలు ఖర్జె హసనా ఇస్తున్నాయి. పెళ్లిళ్లకు, ఆసుపత్రి ఖర్చులకు ఇచ్చే ఆ సాయాన్ని బతుకుతెరువు బండికి కూడా విస్తరించాలని జమాఅత్ పెద్దలను వినమ్రంగా కోరుతున్నాను. గల్ఫ్‌లో కష్టపడి డబ్బు పంపే మన పిల్లలు ఇలాంటి నిధికి తోడు నిలవగలరు.

ప్రభుత్వ బాధ్యత అంతటితో తీరిపోదు. 2025 మార్చిలో ప్రకటించిన రాజీవ్ యువ వికాసం కింద మైనారిటీ యువకులకు కూడా నాలుగు లక్షల దాకా యూనిట్లు ఇస్తామన్నారు. దరఖాస్తు పెట్టి నెలల తరబడి ఎదురు చూసినవారు ఈ సభలోనే ఉన్నారు. విద్యుత్ ఆటోలకు, విద్యుత్ వాహనాల వర్క్‌షాపులకు మైనారిటీ ఆర్థిక సంస్థ ద్వారా నిర్ణీత సంఖ్యలో యూనిట్లు కేటాయించాలి. ఏ మండలానికి ఎన్ని వచ్చాయో నోటీసు బోర్డు మీద పెట్టాలి.

ఉస్తాద్ చేతిలో ఏముంటుంది?

ఇక మెకానిక్ సంగతి. కరెంటు బండిలో కార్బొరేటరు లేదు, స్పార్క్ ప్లగ్ లేదు, పిస్టను లేదు, ఇంజన్ ఆయిలు లేదు. ఉస్తాద్ రోజువారీ సంపాదనలో సగం వీటి మీదే. మిగిలేది టైర్లు, బ్రేకులు, బేరింగులు, లైట్లు. కొత్తగా వచ్చేవి మోటారు, కంట్రోలరు, బ్యాటరీని కాపలా కాసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ. వీటికి చెవి సరిపోదు, మీటరు కావాలి, కొన్నిసార్లు కంప్యూటరు కావాలి. సాఫ్ట్‌వేరు తాళం కంపెనీ చేతిలో ఉంటుంది. బయట విప్పితే వారంటీ పోతుందని బెదిరింపు. చిన్న లోపానికి కూడా బండిని కరీంనగర్‌కు ట్రాలీలో పంపవలసిన పరిస్థితి చందుర్తి రైతుకు వస్తే, అది ఆ రైతుకూ నష్టమే, మన ఉస్తాద్‌కూ నష్టమే.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు కోసం ఒక పోర్టల్‌ను ప్రారంభించింది. వాహనాల రంగం కూడా అందులో ఉంది. కాని కంపెనీలు స్వచ్ఛందంగా సమాచారం పెట్టాలనడంతో సరిపెట్టారు. విడిభాగాలు, మరమ్మతు పుస్తకాలు, పరీక్షించే పరికరాలు బయటి మెకానిక్‌కు న్యాయమైన ధరకు అమ్మాలన్న కట్టుబాటు చట్టంగా రావాలి. ఇది మతంతో పని లేని డిమాండు. ప్రతి గ్రామంలోని ప్రతి మెకానిక్‌దీ, ప్రతి వినియోగదారుదీ. అందరినీ కలుపుకొని అడిగితేనే బలం.

శిక్షణ మాట. రాష్ట్రంలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టారు. విద్యుత్ వాహనాల మెకానిక్ కోర్సు కూడా ఉంది. అది పదో తరగతి పాసైన కుర్రవానికి. నలభై అయిదేళ్ల ఉస్తాద్ రెండేళ్లు షాపు మూసి తరగతిలో కూర్చోలేడు. అతనికి సాయంత్రం పూట, తెలుగులో, ఉర్దూలో, చేతి పని చేయిస్తూ సాగే చిన్న కోర్సు కావాలి. ఉన్న అనుభవానికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఉస్తాద్‌లకు ఒక మాట మనవి చేస్తాను: వైండింగు, బ్యాటరీ పని తెలిసినవారు మన వీధుల్లోనే ఉన్నారు. ఇద్దరు కలిసి ఒక షాపు పెడితే సగం దారి నడిచినట్టే.

నిప్పు సంగతి

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో రాత్రి చార్జింగ్‌కు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు మరణించాడు. ఆ నెలలోనే విజయవాడలో మరో మరణం. సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఒక హోటలు భవనం కింది భాగంలోని విద్యుత్ స్కూటర్ల షోరూములో మంటలు లేచి ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. ఆ తరువాత బ్యాటరీల భద్రతా ప్రమాణాలను కఠినం చేసి, 2022 డిసెంబరు నుంచి, 2023 మార్చి నుంచి రెండు దశలలో అమలుకు తెచ్చారు. అంతకు ముందు తయారైన పాత బండ్లు చౌకగా చేతులు మారుతున్నాయి. చౌకబండి చేరేది పేదవాని ఇంటికే.

తల్లులారా! ఈ మాట ముఖ్యంగా మీకు. పడుకునే గదిలో, మెట్ల కింద, తలుపు దగ్గర చార్జింగు పెట్టనీయవద్దు. బండి ఆపిన వెంటనే కాక బ్యాటరీ చల్లబడ్డాకే పెట్టాలి. వేరే బండి చార్జరు వాడకూడదు. ఎర్తింగు ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్గు తప్పనిసరి. ఒకే గది ఇళ్లలో బ్యాటరీని బయట పెట్టే చోటు లేదన్న సంగతి నాకు తెలుసు. అందుకే ఊరుమ్మడి చార్జింగ్ స్థలం సౌకర్యం మాత్రమే కాదు, ప్రాణరక్షణ.

చదువుకునే ఆడపిల్లలకు కొనే తక్కువ వేగం స్కూటర్ల గురించి కూడా జాగ్రత్త. గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం, 250 వాట్ల లోపు మోటారు ఉన్నవాటికే లైసెన్సు, రిజిస్ట్రేషన్ అవసరం లేదు. అలా చెప్పి అమ్మి తరువాత వేగం పెంచిన బండితో ప్రమాదం జరిగితే బీమా అండ దొరకదు.

పొగ లేని బండి, పొగ ఉన్న కరెంటు

ఈ బండ్లు నిజంగా శుభ్రమైనవేనా అని కొందరు యువకులు అడిగారు. బండి వెనుక పొగ లేదు. కాని మన కరెంటులో పెద్ద భాగం బొగ్గుదే. రామగుండం పొగగొట్టాల బూడిద అక్కడి ప్రజల ఇళ్ల మీద పడుతోంది. అదే రామగుండంలో నీటి మీద తేలే 100 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం 2022 నుంచి నడుస్తోంది. దారి అటు సాగాలి. కొన్ని రకాల బ్యాటరీలకు వాడే కోబాల్టులో అధిక భాగం ఆఫ్రికాలోని కాంగో నుంచి వస్తుంది. అక్కడి చిన్న గనుల్లో పిల్లలు పని చేస్తున్నారన్న వార్తలు చదివి మనం కళ్లు మూసుకోలేము. కోబాల్టు లేని బ్యాటరీలూ ఉన్నాయి, కొనేముందు అడగండి. పాత బ్యాటరీలను తిరిగి తీసుకోవడం తయారీదారుల బాధ్యతని 2022 నాటి నిబంధనలు చెబుతున్నాయి. వాటిని పెరట్లో పగలగొట్టి కరిగించే పనికి మన పిల్లలను పంపవద్దు.

మన చేతిలో ఉన్నది

చివరగా ఒక్క మాట. ఈ ప్రాంతానికి మరెవరికీ సులభంగా దొరకని ఒక బలం ఉంది. అదే సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం, మన సెస్. 1970 నాటికే నిలిచిన సహకార సంఘమది. చందుర్తిలో కరెంటు వాడేవారు దానికి కేవలం ఖాతాదారులు కారు, సభ్యులు. 2022 డిసెంబరులో డైరెక్టర్ల ఎన్నికకు మనం ఓట్లు వేశాము. అందువల్ల మండల కేంద్రంలో ఆటో స్టాండు పక్కన చార్జింగ్ కేంద్రం, డ్రైవర్లకు విడి మీటర్లు, పేద ఇళ్లలో ఎర్తింగు పరీక్ష అడగడానికి మనం హైదరాబాద్ దాకా వెళ్లనవసరం లేదు. హిందూ, ముస్లిం డ్రైవర్లందరూ ఒక అర్జీ మీద సంతకాలు చేసి సిరిసిల్లకు వెళదాం. వచ్చే సర్వసభ్య సమావేశంలో నిలబడి అడుగుదాం.

పన్ను మినహాయింపుకు గడువు ఉంది. పేదవాని మార్పుకు మాత్రం ఎవరూ గడువు పెట్టలేదు, ప్రణాళిక కూడా వేయలేదు. ఆ ప్రణాళికను మనమే రాసి ఇద్దాం.

తిరుగు ప్రయాణంలో ఆ ఉస్తాద్ షాపు దగ్గర మళ్లీ ఆగుతాను. చప్పుడు లేని బండిని వినే విద్య నా దగ్గర లేదు. కాని ఆయన సంతకం కోసం ఈ అర్జీ నా చేతిలో ఉంటుంది. మొదటి సంతకం ఆయనదే కావాలని నా కోరిక. రెండవది మీలో ఎవరిదో మీరే నిర్ణయించండి.