వ్రేళ్లతో చదువు

చెవికి చెప్పుటయే పనిగాగల మేము నేడు చెవి యొక్కటియే చాలదని చెప్పబూనుట కొందరికి విడ్డూరముగా తోచవచ్చును. పుస్తకమునైనను, ఉత్తరమునైనను చదివి వినిపించు సెల్‌ఫోనులు వచ్చినవి గదా, చూపు లేనివారికి ఇంకను బ్రెయిలీ లిపి ఏల యని చదువుకొన్నవారే ప్రశ్నించుచున్నారు. సమాధానము ఆ లిపి పుట్టుకలోనే యున్నది.

ఫ్రాన్సులోని కూవ్రే గ్రామమున 1809లో జన్మించిన లూయీ బ్రెయిలీ, గుఱ్ఱపు జీనులు కుట్టువాని కుమారుడు. మూడవయేట తండ్రి పనిముట్టు కంటికి గ్రుచ్చుకొని, క్రమముగా రెండు కన్నులును పోయిన కథ ప్రసిద్ధమే. 1819లో అతడు ప్యారిస్ అంధ పాఠశాలలో చేరెను. అచట పుస్తకములు లేకపోలేదు. మామూలు అక్షరములనే ఉబ్బెత్తుగా అచ్చొత్తిన బరువైన గ్రంథములవి. వానిని తడవి చదువుటకు ఎంతయో సమయము పట్టెడిది. అంతలో షార్ల్ బార్బియే యను మాజీ సైనికోద్యోగి చుక్కల పద్ధతి నొకదానిని తెచ్చెను. అందు ఒక్కొక్క గుర్తునకు పండ్రెండు చుక్కల వరకు పట్టును. వ్రేలికొన క్రింద ఇమడదు. అంతకు మించిన లోపము మరియొకటి: అది శబ్దములను గుర్తించునే గాని అక్షరముల కూర్పును గుర్తింపదు. బ్రెయిలీ ఆ చుక్కలను ఆరింటికి కుదించి, నిలువున మూడేసి చొప్పున రెండు వరుసలుగా నిలిపి, అక్షరమునకొక గుర్తును కల్పించెను. 1824 నాటికి, పదునైదేండ్ల ప్రాయముననే, ఇది సిద్ధమైనది, అచ్చయినది 1829లో. ప్రభుత్వామోదము మాత్రము ఆయన గతించిన రెండేండ్లకు, 1854లో లభించినది.

వినుట వేరు, చదువుట వేరు. తెలుగునే చూడుడు. శ, ష, స ల భేదము ఎందరి ఉచ్చారణలో నిలిచియున్నది? (మా మైక్రోఫోను ముందు సైతము అది తరచు జారిపోవుచుండును.) విని మాత్రమే నేర్చిన బాలునకు ‘శేషము’ అను మాటను ఎట్లు వ్రాయవలెనో తెలియు మార్గమేది? భిన్నముల లెక్కయైనను, పద్యమున యతిస్థానమైనను, వెనుకకు మరలి తడవి చూచుకొనవలసినవే.

మన భాషలకు 1951లో భారతీ బ్రెయిలీ ఏర్పడినది. తెలుగు ‘క’కును, హిందీ ‘క’కును, ఇంగ్లీషు ‘కె’కును గుర్తొక్కటే. అచ్చునకు, గుణింతపు గుర్తునకు భేదము లేదు. ‘కా’ యన్నచో ‘క’ ప్రక్కన ‘ఆ’ నిలుచును. వ్రాయుటకు ఒక పలకయు, ఒక మొనగల పుల్లయు చాలును. దట్టమైన కాగితమును పలకలో బిగించి, కుడినుండి ఎడమకు పొడిచి, త్రిప్పి, ఎడమనుండి కుడికి చదువుదురు. మేము ఒకమారు కన్నులు మూసికొని ప్రయత్నించి, మా పేరును తలక్రిందులు చేసితిమి.

2004లో హైదరాబాదు ఆసిఫ్‌నగర్ శాసనసభా స్థానమునకు జరిగిన ఉప యెన్నికలో ఓటు యంత్రముపై బ్రెయిలీ అంకెలను ప్రయోగాత్మకముగా ఉంచిరి. పిమ్మట అవి దేశమంతటను వచ్చినవి. అంతకుముందు చూపు లేని ఓటరు తన మనసులోని మాటను వెంటవచ్చిన తోడుకు అప్పగింపవలసి యుండెడిది. నేడు బ్రెయిలీ వచ్చినవాడు ఆ తోడును తెర వెలుపలనే నిలువుమని, అంకెను తడవి, మీట నొక్కి వచ్చుచున్నాడు. రానివాడు నేటికిని తోడునే వెదకుకొనుచున్నాడు.